ఎనిమిదో బోరు: ఒక చీనీ (బత్తాయి) రైతు కేసు

ఈ కేసు రాయడానికి ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. ఊరు, వయసు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. బోర్ల లోతులు, డబ్బు లెక్కలు మాత్రం వాళ్ళ నోటుపుస్తకంలో ఉన్నట్టే ఉంచాను. విషయమంతా ఆ అంకెల్లోనే ఉంది కాబట్టి.

ఎలా వచ్చారు

2024 ఏప్రిల్ మూడో వారం. మొదట భార్య ఒక్కతే వచ్చింది. అనంతపురానికి గంటన్నర దూరంలో ఊరు. బస్సు దిగి నేరుగా నా మానసిక చికిత్స క్లినిక్కుకు వచ్చినట్టుంది, చెప్పుల నిండా దుమ్ము.

"మా ఇంటాయనకు నిద్ర పట్టదు మేడం. నడిరాత్రి లేచి టార్చి పట్టుకోని తోట్లోకి పోతాడు. చెట్టు చెట్టునూ తడిమి చూసి వస్తాడు" అని మొదలుపెట్టింది. అసలు సంగతి పావుగంట తర్వాత బయటపడింది. "ఎనిమిదో బోరు ఏస్తానంటాండాడు. ఎకరా చేను అమ్ముతాడంట. వద్దని చెప్పేదానికి ఎవురూ లేరు. మీరన్నా చెప్పండి."

నాలుగు రోజుల తర్వాత ఆయన్ని తీసుకొచ్చింది. యాభై దాటిన మనిషి, పదో తరగతి చదివాడు, లెక్కలో గట్టివాడు. అయిదెకరాల చీనీ తోట, 520 చెట్లు, పన్నెండేళ్ళ వయసువి. అది కాక మూడెకరాల మెట్ట. కూతురు ఇంజనీరింగ్ రెండో ఏడు. కూర్చోగానే ఆయన అన్న మొదటి మాట: "నాకేం పిచ్చి లేదు మేడం. నాకు నీళ్ళు లేవు, అంతే."

ఆ మాట నేను ఫైల్లో రాసుకున్నాను కానీ, దాని బరువు అందడానికి నాకు ఇంకో నెల పట్టింది.

బోర్ల చరిత్ర

2011లో వేసిన మొదటి బోరు 280 అడుగులు. రెండించుల నీళ్ళు (బోరు పోసే ధారను ఇక్కడ ఇంచుల్లో చెప్తారు). ఆ నీళ్ళను చూసుకునే చెట్లు నాటాడు. 2016లో అది ఎండిపోయింది. అదే ఏడు రెండోది, 420 అడుగులు, ఇంచున్నర. ఇప్పటికీ బతికున్నది అదొక్కటే, అరించు ఇస్తోంది.

ఆ తర్వాత వరసగా అయిదు. 2018లో 560 అడుగులు, దుమ్ము తప్ప ఏమీ లేదు. 2019లో 610. దీని గురించి మళ్ళీ చెప్తాను. 2023 కరువులో, నవంబరులో 650. 2024 జనవరిలో 700. మార్చిలో 820. అయిదూ కలిపితే 3,340 అడుగుల ఎండు రంధ్రం. డ్రిల్లింగు, కేసింగు ఖర్చు 4,85,000 రూపాయలు. నూటికి రెండు రూపాయల లెక్కన ప్రైవేటు అప్పు, ఆమె బంగారం ఆరు తులాలు బ్యాంకులో. వడ్డీ ఇందులో కలపలేదు.

అనంతపురం సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. కింద గ్రానైటు, నైసు. అంత గట్టిరాతిలో నీళ్ళు ఉండేది పైన శిథిలమైన పొరలో, దాని కింద పగుళ్ళలో. రైతులు ఆ పగులును 'గ్యాపు' అంటారు. లోతుకు పోయేకొద్దీ గ్యాపులు మామూలుగా తగ్గుతాయి, రేటు మాత్రం పెరుగుతుంది. 300 అడుగులు దాటాక ప్రతి వందకూ అడుగు ధర ఒక మెట్టు ఎక్కుతుంది. అంటే నీళ్ళు పడే ఆశ సన్నబడేకొద్దీ ఒక్కో అడుగుకు ఎక్కువ కట్టాలి. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే బోరుబండి ఊళ్ళో రెండు మూడు రోజులే ఉంటుంది. ఏజెంటు "బండి రేపు పోతాంది అన్నా" అంటాడు. ఏడు బోర్లలో నాలుగింటి నిర్ణయం ఒక్క రాత్రిలో జరిగిందని ఆరా తీస్తే తేలింది.

పరీక్షలు

జూదపు వ్యసనం కాదు; పేక ముట్టడు, లాటరీ తెలియదు. ఉన్మాద లక్షణాలు లేవు. మందు పండక్కి మాత్రమే. కుంగుబాటును కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 27కు 16 వచ్చింది, అంటే కాస్త తీవ్రమైన కుంగుబాటే. చావు ఆలోచనల గురించి నేరుగా అడిగాను. మా జిల్లాలో ఈ ప్రశ్నను మొహమాటపడి దాటేసే హక్కు ఏ ప్రాక్టీషనరుకూ లేదు. "అప్పుడప్పుడు అనిపిస్తాది, కానీ పాప ఉంది గదా" అన్నాడు. పథకమేమీ లేదు. అయినా ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు ఆరోజే ఆమె అన్నగారింటికి చేర్పించాం. మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే 14416 టెలిమానస్ ఫోన్ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాను. సైకియాట్రిస్టు రాసిన మాత్రలు మొదటి మూడు నెలలు వాడాడు.

నా మొదటి పొరపాటు

ఫైలు మొదటి పేజీలో, రోగ నిర్ధారణ గడి కింద, నేను రాసుకున్నది: "మునిగిన ఖర్చు వెంట పరుగు." పాఠ్యపుస్తకాల్లో ఇంతకన్నా తేలికైన ఉదాహరణ దొరకదనిపించింది. ఖర్చు మునిగింది కూడా అక్షరాలా భూమిలోకే.

మనస్తత్వ పరిశోధకులు హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో చేసిన ప్రయోగాలు చదివినవాళ్ళకు గుర్తుంటాయి. ఒకే వారాంతానికి రెండు మంచు ఆటల యాత్రలకు టికెట్లు కొన్నావు, ఒకటి 100 డాలర్లు, ఇంకొకటి 50. చవకదే ఎక్కువ సరదాగా ఉంటుందని నీకే తెలుసు. దేనికి పోతావు? సగానికి మించి ఖరీదైనదానికే పోతామన్నారు. పోయిన డబ్బు రేపటి నిర్ణయంలో వేలు పెట్టకూడదు, కానీ పెడుతుంది. నేను దీన్ని మన సినిమా టికెట్టుగా మార్చి చెప్పాను. బొమ్మ బాగాలేదు, డబ్బులిచ్చాం కదా అని చివరిదాకా కూర్చుంటామా?

ఆయనకు భలే అర్థమైంది. రెండో సెషన్‌లో నా ముందే భార్యకు తిరిగి చెప్పాడు, నాకన్నా బాగా. మూడో సెషన్ అయిన సాయంత్రం ఏజెంటుకు ఫోన్ చేసి రేటు మాట్లాడుకున్నాడు.

నాలుగోసారి వచ్చినప్పుడు అడిగితే, చాలా మర్యాదగా నా సిద్ధాంతాన్ని పక్కన పెట్టాడు. "మీరు చెప్పింది నిజమే మేడం. పోయింది పోయింది. ఆ నాలుగు లక్షల ఎనభై అయిదు వేలకు నేను ఎప్పుడో నీళ్ళొదిలినా. నేను మాట్లాడతాండేది పోయినదాని గురించి కాదు, పోబోయేదాని గురించి. బోరెయ్యకుంటే చెట్లు ఖాయంగా సస్తాయి. ఏస్తే సావొచ్చు, బతకొచ్చు."

నీళ్ళే లేని మనిషి 'నీళ్ళొదిలినా' అన్నప్పుడు ఇద్దరమూ నవ్వాం. ఆ నవ్వులోనే నా నిర్ధారణ తప్పని తెలిసింది. మూడు సెషన్లు ఒకే పాఠం చెప్పాను. రెండో సెషన్‌కే అది పనిచెయ్యట్లేదని కనబడుతున్నా, అప్పటికే అంత చెప్పాను కదా అని ఇంకొకటి చెప్పాను. నేను వేసిన బోర్ల లెక్క కూడా ఇక్కడ రాసిపెట్టడం న్యాయం.

ఖాయంగా పోవడం అనే బాధ

ఆయన చెప్పింది మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానేమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో రాసిన వ్యాసంలోని ప్రశ్నే. కానేమన్ పోయి అప్పటికి ఎన్నో వారాలు కాలేదు, 2024 మార్చి 27న, తొంభయ్యో ఏట. ఆ వ్యాసం బయటికి తీసి, అందులోని ప్రశ్నను రూపాయల్లోకి మార్చి ఇద్దరినీ విడివిడిగా అడిగాను.

ఖాయంగా 3,000 రూపాయలు వస్తాయి. లేదంటే నూటికి 80 పాళ్ళు 4,000 వచ్చే, 20 పాళ్ళు ఏమీ రాని పందెం. ఏది? ఇద్దరూ ఖాయమైన మూడు వేలే అన్నారు. అసలు ప్రయోగంలోనూ నూటికి 80 మంది అదే అన్నారు.

ఇప్పుడు తిరగెయ్యండి. ఖాయంగా 3,000 పోతాయి. లేదంటే 80 పాళ్ళు 4,000 పోయే, 20 పాళ్ళు ఏమీ పోని పందెం. సగటు లెక్కన పందెంలో 3,200 పోతాయి, ఖాయమైనదానికన్నా ఎక్కువ. ప్రయోగంలో 92 శాతం మంది పందెమే ఎంచుకున్నారు. ఆయనా అంతే. ఆమె కూడా అంతే! భర్తను ఆపడానికి వచ్చిన మనిషి, కాగితం మీద భర్త నిర్ణయమే తీసుకుంది. అది చూపించినప్పుడు ఆమె ముఖంలో కోపం తగ్గడం గమనించాను. అప్పటిదాకా ఆయనకేదో పట్టిందని ఆమె అనుకుంటూ ఉంది.

లాభంలో ఉన్నప్పుడు జాగ్రత్తపరుడైన మనిషే నష్టంలో కూరుకున్నప్పుడు సాహసి అవుతాడు. ధైర్యం పెరిగి కాదు. ఖాయంగా పోవడాన్ని ఒప్పుకోవడం అంత చేదు కాబట్టి. నష్టం ఇచ్చే బాధ అంతే లాభం ఇచ్చే సంతోషానికి రెట్టింపుకు పైనే తూగుతుందని ఆ ఇద్దరే 1992లో అంచనా కట్టారు. 520 చెట్లు చావడం ఖాయమని ఒప్పుకోవడం ఒకవైపు, ఎకరా అమ్మి వెయ్యి అడుగులు దించడం రెండోవైపు. ఈ తక్కెడలో ఆయన అటు మొగ్గడం వింతేమీ కాదు.

అయితే ఎనిమిదోసారి కూడా ఎందుకు? దీనికి జవాబు క్లినిక్కులో దొరకలేదు.

తోటలో

మే రెండో వారంలో ఒక ఆదివారం వాళ్ళ తోటకు పోయాను. ఇలా పోవచ్చా అని మా వృత్తిలో వాదన ఉంది. నా మటుకు, రైతు సమస్యను ఏసీ గదిలో విని అర్థం చేసుకోగలిగే తెలివి నాకు లేదు.

పక్క చేలో బామ్మర్ది బోరు, ఆమె తమ్ముడిది, పోస్తోంది. తొట్టిలో నీళ్ళు పడే చప్పుడు గట్టు మీదికి వినబడుతుంది. ఈయన చేలోని ఎండు బోర్లు మాత్రం ఎక్కడున్నాయో వెతకాలి. ఒకదాని మీద బండ, ఒకదాని మీద గోనెసంచి కప్పి రాయి, ఒకదాని చుట్టూ ముళ్ళకంప. (రెండు తెరిచే ఉన్నాయి. పిల్లలు తిరిగే చోటు. ఆరోజు నేను పట్టుబట్టి చేయించిన మొదటి పని వాటికి మూతలు బిగించడం.) నీళ్ళు పడిన బోరు చప్పుడు చేస్తుంది, పచ్చగా కనబడుతుంది, ఊరంతా చెప్పుకుంటారు. ఫెయిలైన బోరు నోరు మూసుకుని భూమిలో పడి ఉంటుంది. మనసు తనకు సులువుగా తట్టే ఉదాహరణలను బట్టే సంభావ్యతను అంచనా వేస్తుంది, ఆ ఊళ్ళో సులువుగా తట్టేవన్నీ పోసే బోర్లే. నేను అడిగాక ఇద్దరూ కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. ఆ చుట్టుపక్కల ఏడెనిమిది చేలల్లో తమకు తెలిసి అయిదేళ్ళలో వేసినవి 31 బోర్లు, పోసినవి ఆరు. ఆయనే లెక్కపెట్టి ఆయనే ఆశ్చర్యపోయాడు.

ఇక 2019 బోరు. 540 అడుగుల దగ్గర దుమ్ము ఆగి తడి మట్టి వచ్చిందట. బండి దగ్గర ఉన్నవాళ్ళంతా కేకలు పెట్టారు, టెంకాయ కొట్టారు. పావించు నీళ్ళు అరగంట వచ్చి ఆగిపోయాయి. ఇంకో 70 అడుగులు దించినా మళ్ళీ రాలేదు. ఆ చోటు చూపిస్తున్నప్పుడు ఆయన గొంతే మారిపోయింది. మిగతా నాలుగూ 'ఫెయిలు', ఇది మాత్రం 'తప్పిపోయింది'. కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్క్ బృందం 2009లో జూదపు యంత్రాల మీద చేసిన పని ఇక్కడ కళ్ళకు కట్టింది. కొద్దిలో తప్పిన ఆట, పూర్తిగా ఓడిన ఆటకన్నా ఎక్కువ చేదుగా ఉంటుంది, అయినా మళ్ళీ ఆడాలనే కోరికను పెంచుతుంది. అదీ, యంత్రం మీద పందెం కాసే బొమ్మను ఆటగాడే ఎంచుకున్నప్పుడు. ఇక్కడ పాయింటు, అంటే బోరు దించే చోటు, పెట్టించింది ఈయనే. మెదడులో గెలుపుకు స్పందించే భాగాలే ఆ 'కొద్దిలో తప్పడానికి' కూడా స్పందిస్తాయట. ఆ తర్వాత వేసిన మూడు బోర్లూ ఈ తడి మట్టికి అటూ ఇటూ ముప్పై గజాల్లోపే ఉన్నాయి.

పాయింటు గురించి ఒక మాట. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచే ఆయన చేత మూడు, వేపపుల్లతో చూసేవాళ్ళ చేత రెండు పెట్టించాడు. టెంకాయ నిజంగానే లేచి నిలబడుతుంది, నేనూ చూశాను. మోసమని నేననను. మనకు తెలియకుండా మన కండరాలు మన ఆశ మేరకు కదులుతాయని బ్రిటిషు వైద్యుడు విలియం కార్పెంటర్ 1852లోనే చెప్పాడు. పట్టుకున్న మనిషికి కూడా అది టెంకాయ పనిలాగే అనిపిస్తుంది. దీని మీద ఆయనతో వాదించలేదు. వాదిస్తే టెంకాయ గెలిచేది.

పన్నెండణాలు, రెండణాలు

గట్టు మీద కూర్చుని అడిగాను. ఎనిమిదోది వేస్తే నీళ్ళు పడేదానికి రూపాయికి, అంటే పదహారణాలకు, ఎన్ని అణాలు?

"పన్నెండణాలు పడతాయి మేడం. ఏడేసినా గదా, అయిదు వరసగా పోయినాయి. ఇంగ పడాల గదా."

మాంటీ కార్లో జూదశాలలో 1913 ఆగస్టు 18 రాత్రి, ఎర్ర నల్ల గడులున్న రూలెట్టు చక్రంలో బంతి వరసగా 26 సార్లు నల్లగడిలో పడింది. పదిహేనో సారి నుంచే జనం 'ఇంగ ఎర్ర పడాల' అని లక్షలు ఒడ్డారు. చక్రానికి జ్ఞాపకం ఉండదు, కాబట్టి వాళ్ళ లెక్క తప్పు. కానీ మా రైతు లెక్క అంతకన్నా తప్పు. రాతికి జ్ఞాపకం ఉంటుంది. అయిదెకరాల్లో అయిదు చోట్ల తవ్వితే లేవన్న రాయి, ఆరోచోట కూడా అదే రాయి. ప్రతి ఎండు బోరూ ఆశను తగ్గించాల్సిన సమాచారం. ఆయన దాన్ని తన ఖాతాలో జమ అవుతున్న బాకీలా రాసుకుంటున్నాడు.

ఇదంతా ఆయనకు చెప్పలేదు. ఇంకో ప్రశ్న అడిగాను. "వేరే మండలంలో ఒకాయన ఉన్నాడనుకోండి. ఇదే నేల, అయిదెకరాలు, వరసగా అయిదు ఎండినాయి. మీ దగ్గరికొచ్చి ఎకరా అమ్మి వెయ్యి అడుగులు దించుతానంటాడు. ఎన్ని అణాలు?"

చాలాసేపు మట్టిబెడ్డ చిదుపుతూ కూర్చున్నాడు. "రెండణాలు. వాడికి పిచ్చి" అన్నాడు. తర్వాత మెల్లగా, "వాడి పెండ్లాం కూడా మీ కాడికే తోలుకోనొచ్చుంటాది" అన్నాడు.

లోపలినుంచి చూస్తే పన్నెండు, బయటినుంచి చూస్తే రెండు. ఈ తేడాను కానేమన్ లోచూపు, బయటిచూపు అని విడదీశాడు. నా చేతికి మొదటిసారి ఒక పనిముట్టు దొరికింది. ఆరోజు నుంచి ప్రతి సెషన్‌లో అణాలు అడిగి తేదీతో రాసుకున్నాం.

ఆగడానికి రోజు లేదు

తోటనుంచి వచ్చాక కేసును మళ్ళీ మొదటినుంచి రాశాను. అప్పటిదాకా 'ఎందుకు ఆపట్లేదు' అని చూశాను. 'ఆపడం అంటే ఆయన ఏం చెయ్యాలి' అని అడిగితే ఖాళీ కనబడింది.

బోరు వెయ్యడానికి ఒక రోజుంది. పాయింటు, పూజ, టెంకాయ, బండి, చూసే జనం. ఆపడానికి ఏముంది? ఏ రోజూ లేదు. ఆపినవాడు ప్రతి పొద్దునా లేచి, ఈరోజు కూడా వెయ్యలేదు అని కొత్తగా నిర్ణయించుకోవాలి, చెట్లు ఎండుతుంటే చూస్తూ. ఊరి లెక్కలోనూ తేడా ఉంది. బోరేసి పోగొట్టుకున్నవాడిని 'పాపం, ప్రయత్నం చేసినాడు' అంటారు. వెయ్యక చెట్లు పోగొట్టుకున్నవాడిని 'చేతులు కట్టుకోని కూర్చున్నాడు' అంటారు. బారీ స్టా అనే పరిశోధకుడు 1976లో చూపించాడు: మొదటి నిర్ణయం తనదైతే, అది బెడిసికొట్టాక అందులోకే ఎక్కువ డబ్బు పోస్తాడు మనిషి. 2011లో బామ్మర్ది వద్దన్నా చీనీ పెట్టింది ఈయన. బామ్మర్ది వేరుశనగలోనే ఉండిపోయాడు.

ఇంకొకటి, చూసేవాళ్ళందరికీ కనబడాల్సింది ఎవరికీ కనబడలేదు. ప్రశ్నను అందరూ 'అయిదెకరాలా, సున్నానా' అని పెట్టుకున్నారు. అరించు నీళ్ళున్న రెండో బోరుతో రెండెకరాలు నిలుపుకుని మూడెకరాలు వదలడం అనే దారి ఉంది. ఉద్యాన శాఖ అధికారి ఒకాయన వచ్చి చూసి, కొమ్మలు బాగా కత్తిరించి, పాదుల్లో వేరుశనగ పొట్టు కప్పి, డ్రిప్పు సరిచేస్తే రెండెకరాలు దాటుతాయని అన్నాడు. నేను పదేళ్ళు చదివింది ఆయన పది నిమిషాల్లో తేల్చాడు.

ఒప్పందం

జూన్‌లో ఆరో సెషన్‌లో నేను ఎనిమిదో బోరు వద్దనడం మానేశాను. కొందరు సహచరులు దీన్ని తప్పుపట్టారు, ఇప్పటికీ తప్పుపడతారు. నా ఆలోచన ఇది: వద్దంటే నా దగ్గరికి రావడం మానేస్తాడు, ఎకరా అమ్మి వేస్తాడు. ఇలా పోయినదాని వెంట డబ్బు పోయడాన్ని ఆపేందుకు సైమన్‌సన్, స్టా 1992లో పోల్చి చూసినవాటిలో పనిచేసిన ఉపాయాల్లో ఒకటి, కనీసం ఇంత రాకపోతే ఆపేస్తాను అని ముందే గీత గీసుకోవడం. ఫలితాన్ని బట్టి కాక, నిర్ణయం తీసుకున్న పద్ధతిని బట్టి మనిషిని తూచడం ఇంకొకటి. రెండూ వాడాను.

నోటుపుస్తకంలో ఆయన చేతిరాతతోనే రాయించాం. చేను అమ్మకూడదు, కొత్త అప్పు చెయ్యకూడదు. పది పొట్టేళ్ళు అమ్మిన 92 వేలే ఖర్చు. డబ్బు ఆమె దగ్గర. పాయింటు టెంకాయతో వద్దు. యంత్రంతో సర్వే చేసే జియాలజిస్టు పెట్టాలి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఇంతకుముందు ఎవరూ పట్టించుకోని ఈ అనుమతే వారాల తరబడి ఆలోచించుకునే గడువు ఇచ్చింది. 600 అడుగుల దగ్గర ఆపాలి. తడి వచ్చినా సరే, ఇంచు నీళ్ళు లేకపోతే ఆపాలి. అలా ఆపితే, మరుసటి రోజు పొద్దున ఏడు గంటలకు పడమటి మూడెకరాల్లో మొదటి చెట్టు కొట్టాలి. ఎవరు కొట్టాలో కూడా రాశాం. ఆయనే.

ఈ చివరి షరతు రాస్తున్నప్పుడు చెయ్యి వణికింది. చాలాసేపు ఏడ్చాడు. ఆ సెషన్‌లో ఇంకేమీ చెయ్యలేదు.

ఆగస్టు

నేను అక్కడ లేను. ఆమె చెప్పింది, తర్వాత ఆయన చెప్పింది.

పొద్దున మొదలై మధ్యాహ్నానికి 400 దాటింది, దుమ్మే. 570 దగ్గర దుమ్ము ఆగింది. తడి మట్టి. జనం మూగారు. బామ్మర్ది "బావా, పడినాయి" అని అరిచాడు. 600 దగ్గర అరచెయ్యి తడిసేంత నీళ్ళు. డ్రిల్లరు "ఇంకా యాభై పోదాం, గ్యాపు దగ్గర్లో ఉంది" అన్నాడు. ఆమె లెక్కపెట్టిన డబ్బు పట్టుకుని వేపచెట్టు కింద కూర్చుంది, లేవలేదు. ఆయన ఆమెవైపు చూశాడు, నోటుపుస్తకం తీశాడు, మళ్ళీ జేబులో పెట్టాడు. తన జేబులో ఉన్న మూడు వేల చిల్లర డ్రిల్లరు చేతిలో పెట్టి ఇరవై అడుగులు దించమన్నాడు. 620 దగ్గర మళ్ళీ దుమ్ము. ఆపించాడు.

ఆ ఇరవై అడుగులు ఒప్పందంలో లేవు. ఉల్లంఘన అని రాయాలా వద్దా అని తటపటాయించి, రాశాను.

ఆ రాత్రి తొమ్మిది గంటలు ఒక్క దమ్మున నిద్రపోయాడట. ఏడుకు కాక ఎనిమిదిన్నరకు గొడ్డలి పట్టుకున్నాడు. మొదటి చెట్టు ఆయన కొట్టాడు, మిగతావి కూలీలు.

తర్వాత

అక్టోబరు చివరికి పీహెచ్‌క్యూ-9లో 7. మాత్రలు ఆపేశాం. తూర్పు వైపు రెండెకరాలు చిగుళ్ళు వేశాయి. మూడెకరాల్లో ఉలవ చల్లాడు. ప్రైవేటు అప్పు అలాగే ఉంది, వడ్డీ పెరుగుతోంది, బంగారం ఇంకా బ్యాంకులోనే. చేను పోలేదు, కూతురి ఫీజు కట్టారు.

ఊళ్ళో మాత్రం ఒక్కటే మాట, ఇంకో యాభై అడుగులు పోయుంటే పడేవని. నిర్ణయాన్ని ఫలితంతో తూచే అలవాటు అందరిదీ. జొనాథన్ బేరన్, జాక్ హెర్షీ 1988లో అదే తేల్చారు. ఇక్కడైతే ఫలితం కూడా తెలియదు, ఊహించుకున్న ఫలితంతో తూస్తున్నారు. దానికి నా దగ్గర విరుగుడు లేదు. యాభై అడుగుల కింద నీళ్ళు లేవని నేనెలా చెప్పగలను?

నవంబరులో పదకొండో సెషన్. మామూలుగానే అణాలు అడిగాను. ఇదే చేలో కొత్తగా ఇంకో బోరు వేస్తే?

"మూడణాలు మేడం. ఎయ్యను."

రాసుకున్నాను. ఆయన లేచి, కండువా భుజాన వేసుకుని, తలుపు దాకా పోయి ఆగాడు.

"ఆ ఎనిమిదోదాన్నే ఇంగ యాభై దించితే మాత్రం పదణాలు."

అదీ రాసుకున్నాను.